వెనక తలుపుకి తీగ

జూన్ 3, సోమవారం

పదేళ్ల ప్రమాదాల గ్రాఫు బొమ్మ ఇవాళ్టికి పూర్తయింది. మా కంపెనీ బస్సులకి ఏటా ఎన్ని ప్రమాదాలు జరిగాయన్నది నీలం గీత. వాటిలో ఎంతమంది పోయారన్నది ఎర్ర గీత. నీలం గీత బుద్ధిమంతుడిలా ఏటా ఒక మెట్టు దిగుతూ వచ్చింది. ఎర్రది దిగలేదు సరికదా, రెండేళ్లుగా పైకి చూస్తోంది.

అంటే ప్రమాదాలు తగ్గాయి, జరిగిన ప్రమాదంలో చచ్చేవాళ్లు పెరిగారు. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పాత బస్సుల్లో కిటికీలు తెరుచుకునేవి, జనం దూకి బతికేవాళ్లు. కొత్త ఏసీ బస్సుల్లో అద్దాలు బిగించేసి ఉంటాయి. అద్దం పగలగొట్టుకోమని ఇచ్చిన సుత్తులు దొంగలెత్తుకుపోతారని డ్రైవరు పక్కన పెట్టెలో పెట్టి తాళం వేయిస్తారు. ముందు తలుపు ఇరుక్కుంటే ఇక వెనకున్న అత్యవసర తలుపే దిక్కు.

మేనేజర్ బొమ్మ చూసి మురిసిపోయాడు. "నీలం గీత బ్రహ్మాండంగా ఉందమ్మా. మధ్యలో ఆ ఎర్రదెందుకు, గజిబిజిగా? తీసెయ్యండి."

తీసేశాను. గీత తీసేసినంత మాత్రాన కొత్తగా ఎవరూ చావరు కదా. నా పేరు ముందు సేఫ్టీ ఆఫీసర్ అని రాసి ఉంటుంది. బొమ్మలో ఏముండాలో ఆయన చెబుతాడు.

జూన్ 6, గురువారం

ఒక టీచరమ్మ ఫోన్ చేసి ఉతికి ఆరేసింది. మా తమ్ముడు నడిపే పొద్దుటి బస్సులో రోజూ వస్తుందట. మోకాలు వంగదు కాబట్టి చివరి వరసలో మధ్య సీటులో కూర్చుని కాలు చాపుకుంటుందట. వెనక తలుపు దగ్గర దారి పొడుగునా కుయ్యిమని మోత.

"బళ్లో ఎలాగూ పిల్లల గోలేనండీ. బస్సులో ఉన్న గంటసేపే నాకు కాస్త నిద్ర. అదీ లేకుండా చేశారు మీరు. టికెట్టుతో పాటు దూది కూడా ఇవ్వండి, చెవుల్లో పెట్టుకుంటాం."

నవ్వొచ్చింది. చూస్తామండీ అన్నాను. ఆఫీసులో ఆ మాటకి అర్థం చూడం అని.

అయినా ఎందుకో షెడ్డుకి వెళ్లి మేస్త్రీని అడిగాను. మా బస్సులన్నీ ఆయన చేతిమీదుగానే రిపేరవుతాయి. వెనక తలుపు తాళాలు అరిగిపోయాయట. గతుకు వస్తే తలుపు ఒక వెంట్రుకంత కదులుతుంది, కదిలితే తలుపుకున్న బజర్ మోగుతుంది. మోగాల్సిందే మరి, తలుపు సరిగా పడలేదని చెప్పడానికే దాన్ని పెట్టింది.

"తాళాలు మార్చమని రాశారా?"

"రాశాను మేడమ్. వద్దన్నారు. ప్రమాదాలు తగ్గుతున్నాయి కదా, ఇప్పుడు తొందరేముందన్నారు. మీ నీలం గీత బొమ్మే చూపించారు."

"మరి ఇప్పుడు మోత సంగతి?"

ఆయన బస్సుల వైపు చూశాడు గానీ నా వైపు చూడలేదు. "డ్రైవర్లు ఏదో చేసుకుంటున్నారు. నేను కట్టలేదు. చూడనూ లేదు."

కట్టలేదంటే ఏదో కడుతున్నారన్నమాట. ఒక బస్సెక్కి చూశాను. తలుపు పిడికి ఇనుప తీగ నాలుగు మెలికలు తిప్పి సీటు కింద కడ్డీకి బిగించేశారు. తలుపు ఇక కదలదు, మోగదు, తెరుచుకోదు.

జూన్ 7, శుక్రవారం

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లాను. మా ఇంటికి పక్క వీధే. మరదలు టీ పెట్టేలోపు అడిగేశాను.

"ఒరేయ్, వెనక తలుపుకి తీగ కడుతున్నావా?"

"అందరూ కడుతున్నారక్కా."

"అందరి సంగతీ నేనడిగానా?"

"నేనూ ఇవాళే మొదలెట్టాను. కట్టకపోతే దారంతా చెవిలో జోరీగే. వెనకనుంచి జనం తిట్లు. ఆ మోతకి తల తిరిగి ముందు లారీ కనపడట్లేదు. ఏది ప్రమాదమో నువ్వే చెప్పు, సేఫ్టీ ఆఫీసరువి!"

వాడికి ఇప్పటికే రెండు మెమోలు ఉన్నాయి. ఒకటి అద్దం గీసుకుపోయినందుకు, ఒకటి ఆఫీసువాడితో గొడవపడినందుకు. మూడోది పడిందంటే స్టీరింగ్ మీంచి దించేస్తారు. వాడికి బండి తోలడం తప్ప ఇంకే పనీ రాదు, రావాలనీ లేదు. చిన్నప్పుడు పళ్లెం పట్టుకుని తిప్పుతూ ఇల్లంతా హారన్ కొట్టుకుంటూ తిరిగేవాడు.

జూన్ 13, గురువారం

రేపు నెలవారీ తనిఖీ. తమ్ముడికి ఫోన్ చేసి "రేపుంది" అన్నాను. "సరే" అన్నాడు. మా ఇద్దరికీ అంతకన్నా మాటలు అక్కర్లేదు, మూడేళ్లుగా ఇదే తంతు.

ఇదివరకైతే వెలగని లైట్లు అవీ సర్దుకునేవాడు, ఇప్పుడు బయల్దేరే ముందే తీగ తీసి పారేస్తాడు, ఆ ఒక్కరోజూ మోత భరిస్తాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి చీకటి పడేలోపు యార్డు మొత్తానికి తెలిసిపోతుంది.

జూన్ 14, శుక్రవారం

బస్సులన్నీ కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఒక్క తీగ లేదు. వెనక తలుపులు నూటికి నూరు బాగున్నాయని రాసి సంతకం పెట్టాను. నేను చూసింది చూసినట్టే రాశాను. అబద్ధం రాయలేదు.

కంచే చేను మేసిందని ఎవరైనా అంటారేమో. ఎవరంటారు? తెలిసినవాళ్లందరూ డ్రైవర్లే.

జూలై 2, మంగళవారం

టీచరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి తిట్టడానికి కాదు.

"మోత ఆగిపోయిందండీ! ఫిర్యాదు చేసినప్పుడు ఫోన్ చేసినదాన్ని, బాగయ్యాక చెయ్యకపోతే ఏం బాగుంటుంది? హాయిగా నిద్రపోతున్నాను. ఆ డ్రైవరబ్బాయి మీ తమ్ముడటగా, బంగారం లాంటి మనిషి. నేను దిగేదాకా ఓపిగ్గా ఆగుతాడు."

"పర్లేదండీ, అది మా పనే కదా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే చెవిలో తిరిగింది. ఆవిడ సుఖంగా నిద్రపోతోంది, అది నిజమే కదా. ఒక మనిషికి మేలు జరిగింది.

జూలై 9, మంగళవారం

రాయాలా వద్దా అని రెండుసార్లు పెన్ను మూశాను.

మధ్యాహ్నం యార్డులో నడుస్తుంటే ఒక బస్సు వెనక అద్దం మీద అరచెయ్యి కనపడింది. లోపలినుంచి దబదబా కొడుతోంది. బస్సులు ఊడ్చే ఆమె. ఊడుస్తుండగా ముందు తలుపుని నడిపే గాలి పోయి అది మూసుకుపోయిందట. బస్సు ఎండలో ఉంది. లోపల గొంతు చించుకుంటున్నా బయటికి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాలేదు. అందరూ టీ కొట్టు దగ్గరున్నారు. నేను అటు వెళ్లకపోతే?

కేకలేస్తే మేస్త్రీ పరుగున వచ్చి బయటి మీట తిప్పి ముందు తలుపు తెరిచాడు. చెమటతో తడిసి ముద్దయి దిగింది. "లోపలే సమాధి అనుకున్నానమ్మా" అని నవ్వింది. నవ్వుతూనే మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

ఆమెని పంపించి నేను లోపలికి ఎక్కాను. వెనక తలుపు తీగని వేళ్లతో విప్పబోయాను. మొదటి మెలిక దగ్గరే గోరు విరిగింది. మేస్త్రీ కట్టింగ్ ప్లేయర్ తెచ్చి విప్పాడు. ఆయనకీ చాలాసేపే పట్టింది. పట్టపగలు, పొగ లేకుండా, పక్కన తోసుకునేవాళ్లు లేకుండా, చేతిలో పనిముట్టుతో.

"మేస్త్రీగారూ, బస్సు నిండా జనం ఉంటే?"

ఆయన తీగని చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "పొద్దున్న బయల్దేరేటప్పుడు మళ్లీ కొత్తది కడతారు మేడమ్" అన్నాడు.

జూలై 10, బుధవారం

గోరు సలుపుతోంది.

జూలై 12, శుక్రవారం

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. తాళాలు మార్చాల్సిందే అన్నాను. ఈ మధ్య నేను అంత గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు.

"ఆ తలుపు తెరుచుకోక ఇప్పటిదాకా ఒక్క ప్రయాణికుడికైనా దెబ్బ తగిలిందా? ఒక్కటి చూపించండి."

"తగిలాకే మారుస్తారా సార్?"

"అలాంటి మాటలు అనకండమ్మా, అపశకునం. అసలు తలుపులు బాగా లేవని ఎవరన్నారు? పోయిన నెల తనిఖీలో నూటికి నూరు. సంతకం మీదే."

కక్కలేను, మింగలేను. బాగా లేవు, నేనే ముందు చెప్పి తీయించాను అనాలి. అంటే తమ్ముడి ఉద్యోగం పోతుంది. నాదీ పోతుంది. ముందు తమ్ముడిదే రాశాను, చూసుకుంటే.

జూలై 15, సోమవారం

ఒక ఉపాయం తట్టింది. ఎవరికీ చెప్పకుండా తనిఖీ పెట్టాలి. పొద్దున్నే గేటు దగ్గరే నిలబడి, వచ్చిన బస్సుని వచ్చినట్టే చూడాలి. అన్ని బస్సులకీ తీగలు దొరికితే అది డ్రైవర్ల తప్పు అనడానికి ఎవరికీ నోరు రాదు. తాళాలు కొనక తప్పదు.

అన్ని బస్సుల్లో వాడి బస్సు కూడా ఉంటుంది.

వాడికి ఒక్కడికే చెబితే? ఎవరికీ చెప్పకురా అని ఒట్టు పెట్టిస్తే? వాడి సంగతి నాకు తెలియదా. ఒక్కడికి చెప్పినా అందరికీ చెప్పినట్టే. మళ్లీ కడిగిన ముత్యాలే వస్తాయి.

అందరికీ దొరికితే ఒక్కడికి మెమో ఇవ్వలేరు. ఇవ్వరు. ఇస్తే నేను అడ్డం పడతాను.

జూలై 18, గురువారం

24న. నాకూ గేటు దగ్గర వాచ్‌మన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు.

జూలై 21, ఆదివారం

అమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఈ నెల తనిఖీ ఇంకా కాలేదేమే?"

"లేదు."

"తమ్ముడికి ముందే చెప్పు. చెబుతావుగా?"

"చెబుతానమ్మా."

"వాడికి కోపమెక్కువ గానీ మనసు వెన్న. నువ్వున్నావనే ధైర్యంతో బండెక్కుతాడు వాడు."

అమ్మ మాటల్ని బట్టల్లాగే మడతపెట్టి నా ముందు పెడుతుంది, విప్పి చూడక్కర్లేదు.

జూలై 22, సోమవారం

చెప్పను.

జూలై 23, మంగళవారం

పొద్దుటినుంచీ ముసురు. సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. బస్సు అవతలి ఊళ్లో ఉంది, పొద్దున్న అక్కణ్నుంచే బయల్దేరాలి.

"అక్కా, రేపేమైనా ఉందా?"

"ఏముంటుందిరా? ఎందుకడుగుతున్నావ్?"

"ఏం లేదు. ఈ నెల ఇంకా పెట్టలేదు కదా అని."

"ఏం లేదు."

"అయితే సరే. వానకి తలుపు సందులోంచి నీళ్లొచ్చి మోత ఇంకా ఎక్కువైంది. గట్టిగా బిగించేస్తా."

"నెమ్మదిగా రా. రోడ్లు జారుడుగా ఉన్నాయి."

"నువ్వు ఆఫీసరువా, అమ్మవా?" అని నవ్వి పెట్టేశాడు.

ఫోను చేతిలోనే ఉంది. తిరిగి చేయాలని రెండుసార్లు నంబరు దాకా వెళ్లాను. చేయలేదు. పద్ధతిగా పని చేసేటప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు. మూడేళ్లలో మొదటిసారి నా పని నేను చేస్తున్నాను.

జూలై 24, బుధవారం

తమ్ముడి బస్సు రాలేదు.

జూలై 28, ఆదివారం

రాసేస్తే కాస్త తేలికవుతుందేమోనని కూర్చున్నాను.

ఆ పొద్దున్న గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మొదటి బస్సుకి తీగ. రెండోదానికి తీగ. డ్రైవర్ల మొహాలు మాడిపోయాయి. "చెప్పలేదేంటి మేడమ్?" అని ఒకడు అడగనే అడిగాడు. నాకు లోపల సంతోషంగా ఉంది. అవును, సంతోషంగానే ఉంది. వచ్చిన ప్రతి బస్సుకీ తీగ ఉంది, ప్రతి తీగా మేనేజర్ బల్ల మీద పెట్టడానికి నాకు సాక్ష్యం. తీగలన్నీ కోయించి ఒక బకెట్లో వేయిస్తున్నాను.

తమ్ముడి బస్సు ఆలస్యమైతే వానకే అనుకున్నాను. తర్వాత వాచ్‌మన్ ఫోను తెచ్చి ఇచ్చాడు.

మలుపులో ఎదురుగా వచ్చిన ట్రాక్టరుని తప్పించబోయి జారింది. తప్పు వాడిది కాదని అందరూ అంటున్నారు. బస్సు రోడ్డు దిగి, ముందు తలుపు ఉన్న వైపు మట్టిగట్టుకి ఆనుకుని ఆగింది. పెద్ద దెబ్బలు ఎవరికీ తగల్లేదు. అందరూ లేచి నిలబడ్డారట, ఒకరినొకరు పలకరించుకున్నారట కూడా. అప్పుడు ఇంజను దగ్గర పొగ మొదలైంది.

తమ్ముడు ముందు అద్దం తన్ని బయటపడి, ముందు వరసలవాళ్లని అందులోంచే లాగాడు. సుత్తుల పెట్టె డ్రైవరు సీటు కింద నలిగిపోయింది. వెనకవాళ్లు వెనక తలుపు వైపు తోసుకుపోయారు. వాడు చుట్టూ తిరిగి పరుగెత్తి బయటినుంచి ఆ తలుపు లాగాడు. పిడి తిరగలేదు. గట్టిగా బిగించాడు కదా. రోడ్డు పక్క రాయి తీసుకుని అద్దం కొట్టాడు, చేత్తో కొట్టాడు, ఎముకలు కనపడేదాకా కొట్టాడు.

ఆరుగురు లోపలే ఉండిపోయారు. టీచరమ్మ తీగ దగ్గరే ఉంది.

తేలికవలేదు.

జూలై 30, మంగళవారం

విచారణ. తీగ ఎవరు కట్టారని అడిగారు. "నేనే" అన్నాడు. ఎవరైనా చెప్పారా అంటే లేదన్నాడు. తనిఖీలు ఎలా జరుగుతాయని నన్ను అడిగారు. ప్రతి నెలా జరుగుతాయని చెప్పాను. ముందే ఫోన్లు వెళతాయని వాడు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. బయట వరండాలో వాడు నా వైపు చూడలేదు. కట్లున్న చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెళ్లు సమానంగా లేవు.

ఆగస్టు 5, సోమవారం

తాళాలు కొంటున్నారు. అన్ని బస్సులకీ. చేతులు కాలాక ఆకులు. అవి రావడానికి రెండు నెలలు పడుతుందట, అప్పటిదాకా బస్సులు తిరగాల్సిందేనట.

పై ఆఫీసుకి పంపడానికి మేనేజర్ మళ్లీ బొమ్మ అడిగాడు. గీశాను. ఆయన నీలం గీత మీద వేలు పెట్టి, "చూడండమ్మా, ఇంత జరిగినా, సంఖ్యగా చూస్తే ఈ ఏడాది ఇప్పటిదాకా పోయిన ఏడాది కన్నా తక్కువే" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడనుకుంటాను. ఎర్ర గీత కూడా గీసి ఉంచాను. ఈసారి తీసెయ్యమనలేదు, దాని వైపు చూడనేలేదు.

ఆగస్టు 7, బుధవారం

పొద్దున్న యార్డులో చూశాను. బయల్దేరే బస్సుకి మళ్లీ తీగ. డ్రైవరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఏం చెయ్యమంటారు మేడమ్? నిన్న ఒకాయన నా కాలర్ పట్టుకున్నాడు, మోత ఆపమని."

ఆగస్టు 8, గురువారం

సాయంత్రం కూర్చుని డ్రైవర్లందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "రేపు తనిఖీ ఉంది, జాగ్రత్త" అన్నాను. రేపు తనిఖీ లేదు.

ఆగస్టు 9, శుక్రవారం

ఒక్క బస్సుకీ తీగ లేదు. అన్నీ కుయ్యిమంటూ గేటు దాటి వెళ్లాయి. ఇంత మంచి చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం మళ్లీ అందరికీ చేశాను.

ఆగస్టు 16, శుక్రవారం

రోజూ చేస్తున్నాను. "ఇవాళ రాలేదేంటి మేడమ్?" అంటారు. "రేపు తప్పకుండా" అంటాను. ఇవాళ ఒకడు నవ్వాడు. నవ్వినా తీశాడు. రెండు నెలలు ఇలా నెట్టుకొస్తే చాలు. గొంతులో అనుమానం వినపడకుండా చెప్పాలి, అంతే.

అమ్మ పక్క గదిలోంచి వింటుంది. ఏమీ అడగదు.

ఆగస్టు 18, ఆదివారం

సాయంత్రం ఫోన్లు చేస్తుంటే తమ్ముడు వచ్చాడు. ఆ రోజు తర్వాత మా ఇంటికి రావడం ఇదే. నేను చూసుకోలేదు. చివరి డ్రైవరుతో "రేపుంది, మర్చిపోకు, బయల్దేరే ముందే తీసెయ్" అని చెప్పి ఫోను పెట్టి తలెత్తితే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కట్లు ఇంకా విప్పలేదు.

"రోజూ అందరికీ చెబుతున్నావట."

"తాళాలు వచ్చేదాకారా. లోపలికి రా, కూర్చో."

"తీస్తున్నారా?"

"తీస్తున్నారు. ఒక్కడు కూడా కట్టట్లేదు."

కూర్చోలేదు. నా చేతిలో ఫోను వైపే చూస్తున్నాడు. కోపంగా అన్నా బాగుండేది. చిన్నప్పుడు నన్ను ఏదైనా అడిగేటప్పుడు ఎలా అడిగేవాడో అలాగే, నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు నేనే ఫోన్ చేసి అడిగాను కదక్కా. ఏం లేదన్నావు."